సదరం సర్టిఫికెట్‌లో పట్టనిది

తెలంగాణలోని ఎర్రవల్లిలో ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థి డిగ్రీకి దోస్త్ పోర్టల్‌లోనో, ఇంజనీరింగ్‌కు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనో దరఖాస్తు చేస్తే వ్యాసం రాయమని ఎవరూ అడగరు. వైకల్యం ఉంటే దాని శాతం తెలిపే సదరం సర్టిఫికెట్ చూపించాలి, అంతే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. హక్కు తేల్చడానికి ఆ అంకె అవసరమే. కానీ అదే విద్యార్థి అమెరికా కాలేజీకి కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు వేదికలో దరఖాస్తు పెడితే 650 పదాలకు మించకుండా తన గురించి రాయాలి. సర్టిఫికెట్‌కు అలవాటుపడిన చెయ్యి అక్కడా జబ్బు పేరు, శాతం, పడ్డ కష్టాలు వరసపెట్టి రాసేస్తుంది. చదివేవారికి వైకల్యం గురించి తెలుస్తుంది, మనిషి గురించి తెలియదు.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పది తరవాత సైన్స్ గ్రూపు కుదరదంటే కోర్టుకెక్కి సాధించుకున్నారు. ఆడియో పాఠాలతో చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్ సంస్థలు చేర్చుకోకపోతే అమెరికా వైపు చూసి ఎంఐటీలో సీటు సంపాదించారు. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఇందులో అంధత్వం ఒక్క వాక్యం. మిగతావన్నీ ఆయన తీసుకున్న నిర్ణయాలు. వ్యాసంలోనూ పాళ్లు ఇలాగే ఉండాలి.

వ్యాసంలో వైకల్యం గురించి రాయడం జాలిని సొమ్ము చేసుకోవడం కాదా అని కొందరంటారు. కష్టం చెప్పి ఊరుకుంటే అవును. ఆ కష్టంలో ఏం చేశారో చెబితే జాలికి చోటుండదు. వైకల్యం ఉందని చెబితే సీటు రాదేమోనన్న భయం ఇంకొకటి. అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టం కింద, ఫెడరల్ నిధులు తీసుకునే కాలేజీలు ప్రవేశానికి ముందు వైకల్యం గురించి సాధారణంగా అడగకూడదు. చట్టం మనసుల్లోని చిన్నచూపును తుడిచెయ్యలేదు, నిజమే. అందుకే చెప్పడం, చెప్పకపోవడం విద్యార్థి ఇష్టం. చెప్పకపోతే పరీక్షలో అదనపు సమయం లాంటివి పోతాయనుకోనక్కర్లేదు. వాటిని సీటు వచ్చాక, పత్రాలు చూపి, కాలేజీలోని ప్రత్యేక విభాగంలో అడుగుతారు. వైద్యం వల్ల మార్కులు తగ్గితే దరఖాస్తులోని అదనపు సమాచారం గడిలో రెండు ముక్కలు చాలు.

రాయాలనుకున్నవారు ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇదే వైకల్యమున్న మరొకరు ఈ మాట ఉన్నదున్నట్టు రాయగలరా? రాయగలిగితే కొట్టేయాలి.