కెమెరా మీది అంకెలు

ఈ రోజుల్లో ఫోనుతోనే ఫొటోలు తీస్తున్నాం. వెలుగు సంగతి ఫోనే చూసుకుంటుంది. రీలు వేసే పాత కెమెరా అలా కాదు. అందులో అన్నీ మన చేత్తోనే చెయ్యాలి. అందుకే చాలామంది దాన్ని చూసి జంకుతారు. "అది చదువుకున్నోళ్లకే గానీ మనకెందుకు?" అంటారు. కానీ ఆ కెమెరా మీద ఉండేవి అంకెలే. అంకెలు చదవడం మీకు వచ్చు. ఇంక భయమెందుకు?

ఒక కెమెరా సంగతి చూద్దాం. దాని పేరు పెంటాక్స్ కె-1000. జపాను కంపెనీది. 1976లో వచ్చింది. 1997 దాకా తయారైంది. ఇప్పుడు పాతవే దొరుకుతాయి. ఇది బ్యాటరీ లేకపోయినా ఫొటో తీస్తుంది. వెలుగును కొలిచే ముల్లు ఒక్కటే పని చెయ్యదు.

వెలుగు ఎంత కావాలి?

చెరువు తూము మీకు తెలిసిందే. మడికి ఎంత నీరు పారుతుంది? తూము ఎంత తెరిచాం, ఎంతసేపు తెరిచాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. కెమెరా కూడా అంతే. నీటికి బదులు వెలుగు, మడికి బదులు రీలు. వెలుగు చాలకపోతే ఫొటో నల్లగా వస్తుంది. ఎక్కువైతే తెల్లగా పాలిపోతుంది.

లెన్సు చుట్టూ 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని ఉంటాయి. ఇవి రంధ్రం కొలతలు. ఇక్కడొక తిరకాసు ఉంది. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది.

కెమెరా పైన 1000, 500, 250, 125, 60, 30 అని ఉంటాయి. ఇది సమయం. 125 అంటే ఏమిటి? సెకనును 125 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంతసేపే వెలుగు లోపలికి పోతుంది. 60 కన్నా తక్కువ అంకె పెడితే చెయ్యి కదిలి ఫొటో చెదురుతుంది.

రీలు డబ్బా మీద కూడా అంకె ఉంటుంది. అది 100 అయితే కెమెరా మీద కూడా 100 పెట్టాలి. ఆ రీలుకు సమయం 125 దగ్గర ఉంచండి. రంధ్రం మంచి ఎండలో 16, మబ్బు పడితే 8, నీడలో 4 పెట్టండి. తర్వాత లెన్సు ముందుభాగం తిప్పండి. మనిషి ముఖం స్పష్టంగా కనిపించగానే నొక్కండి.

రీలు జాగ్రత్త

ఒక రీలుకు సాధారణంగా 36 ఫొటోలు వస్తాయి. రీలును నీడలో ఎక్కించాలి. మీట తిప్పినప్పుడు ఎడమవైపు బిరడా కూడా తిరుగుతోందా? చూడండి. తిరగకపోతే రీలు పట్టుకోలేదన్నమాట. అప్పుడు 36 సార్లు నొక్కినా ఒక్క ఫొటో రాదు. పెళ్లి, సీమంతం మళ్లీ రావు కదా!

రీలు అయిపోగానే వెనక తలుపు తెరవకూడదు. వెలుగు తగిలితే తీసిన ఫొటోలు పాడవుతాయి. ముందు కెమెరా అడుగున బొత్తాం నొక్కాలి. తర్వాత ఎడమవైపు బిరడా తిప్పి రీలును డబ్బాలోకి చుట్టాలి. ఆ తర్వాతే తెరవాలి. రీలు కడిగించాక నెగెటివ్ తప్పక అడిగి తీసుకోండి. ఫొటో చిరిగినా నెగెటివ్ ఉంటే మళ్లీ వేయించుకోవచ్చు.

పాత కెమెరా కొంటున్నారా?

డబ్బు ఇవ్వకముందే పరీక్ష చెయ్యండి. రీలు లేకుండా వెనక తలుపు తెరవండి. సమయం 1 దగ్గర పెట్టి, మీట తిప్పి నొక్కండి. లోపలి తెర ఒక సెకను తెరుచుకుని మూసుకోవాలి. ఇప్పుడు 1000 దగ్గర పెట్టి నొక్కండి. తెర తటాలున మూసుకోవాలి. రెండింటికీ తేడా లేకపోతే ఆ కెమెరా కొనకండి.

చేసి చూడండి

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి ఫొటోకూ మూడు సంగతులు రాయండి. ఫొటో నంబరు, పెట్టిన అంకెలు, ఎండా నీడా అన్నది. రీలు కడిగించాక పుస్తకం, ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఫొటో ఎందుకు నల్లబడిందో, ఏది ఎందుకు బాగా వచ్చిందో మీకే తెలుస్తుంది. రెండో రీలు మొదటిదానికన్నా బాగుంటుంది.