కొంగున లేని తాళపుచెవి

మీ భర్తగారో, సోదరుడో, కుమారుడో యొకనాటి యుదయమున కాఫీ త్రాగుచు, నొక కాగితమును మీ ముందుంచి, “ఇచ్చట సంతకము చేయుము, కంపెనీ పెట్టుచున్నాము” అనినచో, సోదరీమణులారా, మీలో నెందఱు దానిని చదివి సంతకము చేయుదురు? మే మీ ప్రశ్నను పరిహాసమునకు వేయుటలేదు. 2013 సంవత్సరపు కంపెనీల చట్టము ననుసరించి ప్రైవేటు కంపెనీకి కనీస మిద్దఱు డైరెక్టరు లుండవలయును. మన యిండ్లలో నా యిద్దఱిలో నొకరు భర్తయు, రెండవవారు భార్యయు నగుట పరిపాటి. తాను డైరెక్టరు నను సంగతి భార్యకు గోడకు వ్రేలాడదీసిన బోర్డును జూచిన పిదపగాని తెలియకపోవుటయు గలదు.

ఇప్పు డా సంతకమైనను కలముతో జేయునది కాదు. కంపెనీల రిజిస్ట్రారునకు బంపు పత్రములపై వేయునది డిజిటల్ సంతకము. అది బొటనవ్రేలంత పరికరములో నిమిడియుండును. భార్య పేరిటి దైనను ఆ పరికరము భర్తగారి సొరుగులోనో, ఆడిటరుగారి బీరువాలోనో యుండుట మే మెఱుగుదుము. పూర్వము తాళపుచెవుల గుత్తి గృహిణి కొంగున నుండెడిది. ఈ తాళపుచెవి మాత్ర మామె కొంగు చేరలేదు.

మా పరిచితురాలగు నొక గృహిణి యిట్లే పదునొకం డేండ్లు డైరెక్టరుగా నుండెను. పిల్లలు పెద్దవారైన పిదప నామె యొక మిత్రురాలితో గలసి చేనేత చీరల వ్యాపారమునకై కంపెనీ పెట్టదలచెను. అప్పుడు తెలిసినది, తాను డైరెక్టరు పదవికి ననర్హురాలని! భర్తగారి పాత కంపెనీ పేరునకు మాత్రము మిగిలి, వరుసగా మూడేండ్లు లెక్కలను రిజిస్ట్రారునకు సమర్పింపలేదు. చట్టములోని 164వ సెక్షను ప్రకార మట్టి కంపెనీ డైరెక్టరులు అయిదేండ్లు మఱే కంపెనీకిని డైరెక్టరులుగా నియమింపబడరాదు. 2017లో నీ సెక్షను క్రింద ననర్హులైనవారి సంఖ్య మూడు లక్షలకు పైబడినది. వారిలో మన యింటి యాడువా రెందఱో యెవరు లెక్కించిరి?

ఆమెకు కోపము వచ్చినది. భర్తపై గొంతయు, తనపై నధికముగను. పెండ్లికి ముందు సంపాదించి పెట్టె యడుగున దాచిన న్యాయశాస్త్ర పట్టము నామె వెలికిదీసి, నలుబదిమూడవ యేట ఎల్‌ఎల్‌.ఎమ్. తరగతిలో జేరెను. కంపెనీల పరిపాలన, అనగా నింగ్లీషువారు కార్పొరేట్ గవర్నెన్స్ అను శాఖను, ప్రధాన విషయముగా దీసికొనెను. ఈ చదువునకు ముందు ఎల్‌ఎల్‌.బి. పట్ట ముండవలయును. కొన్ని విశ్వవిద్యాలయములలో నిది రెండేండ్లు. 2013లో యు.జి.సి. యనుమతించిన పిదప కొన్నింట నొక్క యేడు. హైదరాబాదులోని నల్సారు మొదలగు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో జేరుటకు క్లాట్ అను ప్రవేశపరీక్ష కలదు. దానికి గరిష్ఠ వయఃపరిమితి లేదు.

ఆమె చెప్పిన పాఠములలో మాకు మిక్కిలి రుచించినది సాలమన్ కేసు. లండనులో నారన్ సాలమన్ అను బూట్ల వర్తకుడు 1892లో తన వ్యాపారమును కంపెనీగా మార్చెను. నాటి చట్టమునకు ఏడుగురు వాటాదారులు కావలెను. ఆయన తన భార్యకును, అయిదుగురు పిల్లలకును తలకొక వాటా నిచ్చి, 20,001 వాటాలను తానుంచుకొనెను. కంపెనీ మునిగినది. అప్పులవారు మొఱపెట్టగా, 1896లో బ్రిటిషు ప్రభువుల సభ, కంపెనీ వేఱు, సాలమన్ వేఱు, కంపెనీ యప్పున కాయన బాధ్యుడు కాడని తీర్పు చెప్పినది. నూటయిరువదియైదేండ్లు దాటినను తరగతులలో మొదట చెప్పు కేసు లలో నిది యొకటి. ఆ యొక్క వాటా గల భార్య యేమనుకొనెనో యే గ్రంథమునను మాకు గానరాలేదని యామె నవ్వెను. మాకును నవ్వు వచ్చినది గాని, కాఫీ వేళ కాగితము జ్ఞప్తికి వచ్చి యాగినది.

మన హైదరాబాదు కథ యంతకంటె బెద్దది. సత్యం కంప్యూటర్సు డైరెక్టరుల బోర్డు 2008 డిసెంబరు 16వ తేదీన, యజమాని కుటుంబమునకు సంబంధించిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు గొనుటకు సమ్మతించినది. మదుపరులు మండిపడగా గంటలలోనే యా ప్రతిపాదన విరమింపబడినది. ఆ బోర్డులో నున్నవారు సామాన్యులు కారు, పేరుమోసిన యాచార్యులు. అందొక స్త్రీయు గలదు, మంగళం శ్రీనివాసన్. సందేహములను వెలిబుచ్చియు వ్యతిరేకముగా వోటు వేయకపోతినని నైతిక బాధ్యత వహించి యామె యా నెలలోనే రాజీనామా యిచ్చినది. 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షుడు రామలింగరాజు వ్రాసిన యుత్తరముతో గుట్టు బయటపడినది. లెక్కలలో జూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనేలేవు! 2015 ఏప్రిలులో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థాన మాయనకు ఏడేండ్ల శిక్ష విధించినది. ఆయన యప్పీలు చేసికొనగా నా మే నెలలో శిక్ష నిలుపబడినది. మన పొరుగిండ్లవారు పిల్లల పెండ్లికని దాచిన ధనమును ఆ వాటాలలో బెట్టియుండిరి గనుక మాకీ కథ కథవలె దోపదు.

సందేహము కలుగుట యొకటి, దానిని బోర్డు మినిట్సులో వ్రాయించుట మఱియొకటి. ఈ భేదము నామె తరగతిలో వారములకొలది చర్చించిరట. 166వ సెక్షను డైరెక్టరు జాగరూకతతోను, స్వతంత్ర వివేచనతోను వర్తింపవలెనని విధించుచున్నది. భర్త చెప్పినట్లు చేసితి నన్నమాత్రమున నా విధి తొలగిపోదు. పండ్రెండు నెలలలో జరిగిన యే బోర్డు సమావేశమునకును రాని డైరెక్టరు పదవి తనంతటనే పోవును. వలదనుకొన్నచో వ్రాతమూలముగా రాజీనామా యీయవచ్చును. కాని పదవిలో నున్న కాలపు దోషములకు బాధ్యత వెంటనే వచ్చును.

స్టాకు ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీ బోర్డునందును ఒక స్త్రీ యైనను ఉండవలెనని 2013 చట్టము నిర్ణయించినప్పుడు మేము సంతోషించితిమి. 2015 ఏప్రిలు గడువు సమీపింపగా ననేకులు తమ భార్యలను, కుమార్తెలను గూర్చుండబెట్టిరి. పిదప సెబీ నియమములను సవరించి, మొదటి 500 కంపెనీలు 2019 ఏప్రిలునుండియు, మొదటి 1,000 కంపెనీలు 2020 ఏప్రిలునుండియు ఒక స్వతంత్ర మహిళా డైరెక్టరును నియమింపవలెనని యాజ్ఞాపించినది. యజమాని బంధువు స్వతంత్రురాలు కాజాలదు. చదువుకొన్న స్త్రీలకు ద్వారము తెఱచినది ఈ రెండవ నియమమే యని మా యభిప్రాయము.

ఆమె పరిశోధనవ్యాసము చదువుచు మేము కొర్నేలియా సొరాబ్జీని దలచుకొంటిమి. ఆమె 1892లో ఆక్సుఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసియు, స్త్రీ యగుటచే పట్టమునకై 1922 వఱకు వేచియుండెను. ఆమె పనియంతయు తెఱచాటు స్త్రీల యాస్తులను గూర్చినదే. అట్టి స్త్రీ కాగితముపై గుఱుతు వేసినచో, ఆమె యర్థము గ్రహించియే వేసెనని నిరూపించు భారమును నాటి న్యాయస్థానములు లాభము పొందినవారిపై నుంచెడివి. తెఱవెలుపల నున్న చదువరి డైరెక్టరున కా రక్షణయు లేదు.

మా పరిచితురాలు పట్టము పుచ్చుకొన్ననాడు విందు చేయలేదు. ఆడిటరుగారి కార్యాలయమునకు బోయి, తన పేరిటి సంతకపు పరికరమును బీరువానుండి తీయించుకొని, రసీదు వ్రాసియిచ్చి, దానిని తాళపుచెవుల గుత్తికి దగిలించుకొని యింటికి వచ్చినది.