తగిలిన కొమ్మా, తెగిన తీగా?

1930ల నడుమ అమెరికాలో నూటికి పది రైతు ఇళ్లకే కరెంటు ఉండేది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పాక పొలాల మీదుగా మైళ్లకొద్దీ తీగలు సాగాయి. లైను పొడవు ఎక్కువ, దాని మీద ఇళ్లు తక్కువ. పిడుగు పడ్డా, కొమ్మ ఒరిగినా ఫ్యూజు పోయేది. లైన్‌మన్ బురదలో పడి అంతదూరం వెళ్లి చూస్తే, చాలాసార్లు తీగకు ఏమీ అయ్యుండేది కాదు. కొత్త ఫ్యూజు వేయగానే కరెంటు నిలబడేది.

ఈ అవస్థకు విరుగుడుగా వచ్చిందే రీక్లోజర్. 1940ల తొలినాళ్లలో కైల్ కార్పొరేషన్ దీన్ని స్తంభాల మీదికి ఎక్కించింది. దాని వెనకున్న లెక్క చిన్నదే. గాలిలో సాగే లైన్లకు వచ్చే ఫాల్టుల్లో నూటికి 70–80 తాత్కాలికమైనవి. పిడుగు తగిలినప్పుడు ఇన్సులేటర్ పక్కనున్న గాలి అయనీకరణం చెంది ఆర్క్ లేస్తుంది. పిడుగు క్షణంలో పోతుంది గానీ, లైనులోని కరెంటే ఆ ఆర్క్‌ను పోషిస్తూ ఉంటుంది. కరెంటు కాసేపు ఆపితే చాలు, అయాన్లు చెదిరిపోయి గాలి మళ్లీ విద్యుత్తును అడ్డుకుంటుంది.

ఆ తొలి యంత్రం నిర్మాణం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. నూనె నింపిన డబ్బా, అందులో లైను కరెంటు ప్రవహించే ఒక కాయిల్, ఒక ప్లంజర్, స్ప్రింగులు. బ్యాటరీ లేదు, ఎలక్ట్రానిక్స్ లేవు. కరెంటు హద్దు మీరితే కాయిల్ ప్లంజర్‌ను లాగుతుంది, కాంటాక్టులు విడిపోతాయి. ఒకటి రెండు సెకన్లకు స్ప్రింగు మళ్లీ మూస్తుంది. తెరుచుకున్న ప్రతిసారీ కాస్త నూనె ఒక పిస్టన్ కిందికి చేరి దాన్ని పైకి నెడుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించిందో యంత్రానికి గుర్తుండేది ఆ నూనె మట్టంలోనే. సాధారణంగా నాలుగోసారి తెరుచుకున్నాక ఇక మూసుకోదు. దాన్నే లాకౌట్ అంటారు.

ఆ నాలుగింటిలోనూ ఒక తెలివి ఉంది. మొదటి రెండుసార్లు, తన తర్వాత చీలే పక్క లైనులోని ఫ్యూజు కరిగేలోపే చటుక్కున తెరుచుకుంటుంది. తాత్కాలిక ఫాల్టయితే ఫ్యూజు బతుకుతుంది. తర్వాత రెండుసార్లు కావాలనే ఆలస్యం చేస్తుంది. ఫాల్టు ఫ్యూజుకు అవతల నిజంగానే ఉంటే, ఈసారి ఫ్యూజు కరిగి ఆ చిన్న పక్క లైనునే విడదీస్తుంది. మిగతా ఊళ్లకు కరెంటు ఆగదు.

తగిలింది కొమ్మో, తెగింది తీగో స్తంభం మీదున్న యంత్రానికి తెలిసే దారి లేదు. అందుకే మళ్లీ కరెంటు ఇచ్చి చూస్తుంది. మన సబ్‌స్టేషన్లలో 11 కేవీ ఫీడర్ ట్రిప్పయినప్పుడు ఆపరేటర్ ఒకసారి ఛార్జ్ చేసి చూసి, నిలబడకపోతే లైన్‌మన్‌ను పంపడంలో ఉన్నదీ ఇదే తర్కం.

తర్వాతి దశాబ్దాల్లో నూనె స్థానంలోకి వాక్యూమ్ ఇంటరప్టర్లు, ప్లంజర్ స్థానంలోకి ఎలక్ట్రానిక్ రిలేలు వచ్చాయి. కానీ ఈ యంత్రం జీవితంలో అసలు మలుపు ఆస్ట్రేలియాలో వచ్చింది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చులు 173 మందిని బలిగొన్నాయి. వాటిలో 119 మందిని పొట్టనబెట్టుకున్న కిల్‌మోర్ ఈస్ట్ మంట ఒక ఒంటితీగ లైను తెగడంతో రేగింది. విచారణ జరిపిన రాయల్ కమిషన్ ఆ ఒంటితీగ లైన్ల మీద ఏటా మంటల ముప్పు ఎక్కువగా ఉండే ఆరు వారాల పాటు రీక్లోజింగ్ ఆపేయాలని, 22 కేవీ ఫీడర్లలో నిప్పు నిషేధపు రోజుల్లో ఒక్క ప్రయత్నానికే పరిమితం చేయాలని సిఫారసు చేసింది.

నా మటుకు ఇది సరైన తీర్పు. నేల మీద పడ్డ తీగకు మళ్లీ కరెంటు ఇవ్వడమంటే ఎండుగడ్డికి నిప్పురవ్వ అందించడమే. నిరంతరాయ సరఫరా గొప్పదే గానీ, ప్రాణం కంటే కాదు. ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నది ఫ్యాక్టరీలో ఒక్కసారి తేల్చే అంకె కాకూడదు, ఊరును బట్టి, రుతువును బట్టి మారాలి. ఇప్పుడు షికాగోకు చెందిన ఎస్ అండ్ సీ సంస్థ రీక్లోజర్ పూర్తి కరెంటు ఇవ్వకుండా, ముందు ఒక చిన్న పల్స్ పంపి లైనును పరీక్షిస్తుంది. ఫాల్టు ఇంకా ఉంటే మూసుకోదు. ఇన్నేళ్ల గుడ్డి ప్రయత్నానికి ఇది మంచి జవాబు.

మన పొలాల్లో, వీధుల్లో వానాకాలం తీగలు తెగి పడుతూనే ఉంటాయి. మెరుపు లేదు, చప్పుడు లేదు కాబట్టి అందులో కరెంటు లేదనుకోవద్దు. అది ఆగిన మరుక్షణమే మళ్లీ రావచ్చు, యంత్రం ఇవ్వొచ్చు, ఆపరేటర్ ఇవ్వొచ్చు. దూరంగా ఉండండి, పిల్లల్ని, పశువుల్ని అటు పోనివ్వకండి. 1912కు ఫోన్ చేయండి.