రుబాయీకి నాలుగే పాదాలు ఎందుకు?

రుబాయీ అనే మాటకు మూలం అరబ్బీలో ‘నాలుగు’ను తెలిపే పదం. అందుకే ఈ కవిత నాలుగు పాదాలతో పూర్తవుతుంది. పేరు అరబ్బీదైనా, ఈ రూపం పెరిగింది పారశీకంలో. ఉమర్ ఖయ్యాం (1048–1131) పేరుతో లోకమంతా తెలిసింది.

కందం, ఉత్పలమాల వంటి తెలుగు పద్యాల్లో ప్రాస పాదంలోని రెండో అక్షరానికి చెందినది. రుబాయీలో అది పాదం చివర వస్తుంది. ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస తప్పనిసరి. మూడో పాదం సాధారణంగా ప్రాస లేకుండా సాగుతుంది. అక్కడ చెవి ఒక్క క్షణం ఎదురుచూస్తుంది. నాలుగో పాదంలో ప్రాస తిరిగి రాగానే భావం బలంగా నాటుకుంటుంది.

పారశీకం నుంచి రుబాయీ ఉర్దూలోకి వచ్చింది. శాలిబండ, చార్మినార్ ప్రాంతాలున్న హైదరాబాద్ పాతబస్తీ ఉర్దూ కవిత్వానికి నెలవు. ఈ నగరానికి చెందిన అంజద్ హైదరాబాదీ రుబాయీలకు ప్రసిద్ధుడు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో ఆయన తల్లిని, భార్యను, కూతురిని కోల్పోయారు. 1961లో మరణించారు.

తెలుగులో దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా ఖయ్యాం రుబాయీలను పద్యాల్లోకి తెచ్చారు. దాశరథి నేరుగా తెలుగులోనే రుబాయీలు రాశారు.