తోమిన రూపాయి

వెండి సామాను తళతళలాడకపోతే ఇల్లాలికి చిన్నతనమని మనందరికీ ఒక పట్టింపు. నాకూ ఉండేది. మా అత్తగారు నాకు విక్టోరియా రాణి బొమ్మ రూపాయలు ఆరు ఇచ్చారు. అయిదింటిని ఏటా వరలక్ష్మీ వ్రతానికి చింతపండు పెట్టి తోమి, కలశం దగ్గర ఉంచేదాన్ని. ఆరోది బీరువా అడుగున గుడ్డమూటలో ఉండిపోయింది. అబ్బాయి కాలేజీ ఫీజుకని అన్నీ పట్టుకెళితే, పాత నాణేలు కొనే ఆయన భూతద్దంతో చూసి, "ఎవరమ్మా వీటిని తోమింది? ఈ అయిదింటికీ వెండి ధరే వస్తుంది" అన్నాడు. నల్లబడిన ఆరోదానికి మాత్రం నాలుగు రెట్లు ఇస్తానన్నాడు!

ఎందుకిలాగ? ఆ రూపాయి ఎత్తు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. ఆరింటిలోనూ వెండి ఒకటే. కాని నాణేలు సేకరించేవారు వెండిని కొనరు. అది ఎంత అరుదు, ముద్ర ఎంత చెక్కుచెదరకుండా ఉంది అని చూస్తారు. తోమితే పైపొర గీసుకుపోతుంది. అది మళ్ళీ రాదు.

"కొత్తదిలా ఉంది" అని అమ్మేవాడు, "అరిగిపోయింది" అని కొనేవాడు - ఈ తగాదా ఎప్పుడూ ఉన్నదే. అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో అక్కడి పాత రాగి సెంట్లకు 1 నుంచి 70 దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. 1986లో పి.సి.జి.ఎస్., మరుసటేడు ఎన్.జి.సి. అనే సంస్థలు అక్కడే వెలిశాయి. రుసుము తీసుకుని నాణేన్ని పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి, నంబరు అంటించి ఇస్తాయి. అలా చేస్తే నాణేన్ని చేత్తో పట్టి చూడలేని దూరపువాడు కూడా నమ్మి కొంటాడు. ఆ నమ్మకానికే ఎక్కువ ధర. 64కూ 65కూ తేడా మన కంటికి ఆనకపోయినా, ఒక్కొక్కప్పుడు ధర రెట్టింపవుతుంది. తోమిన నాణేనికి మాత్రం మార్కు వెయ్యరు. శుభ్రం చేసినదని చీటీ మీద రాసేస్తారు.

అలాగని ప్రతి రూపాయినీ పంపనక్కర్లేదు. మామూలు నాణేనికి వచ్చే ధరకంటే రుసుమే ఎక్కువ కావచ్చు. మార్కు వేసేదీ మనుషులే కాబట్టి, అదే నాణేనికి రెండోసారి వేరే మార్కు రావచ్చు. దొంగ డబ్బాలూ ఉన్నాయి. కొనేముందు ఆ నంబరును సంస్థవారి వెబ్‌సైట్లో సరిచూసుకోవాలి. గవ్వను అద్దాల పెట్టెలో పెట్టినా వరహా కాదు కదండీ!

మన ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు టంకశాలలు అమ్మే స్మారక నాణేలకు వాటి పెట్టే అందం, పెట్టే విలువ. ముచ్చటపడి విప్పి, పిల్లల చేతికి ఇవ్వకండి. పాత నాణేలను అంచులు పట్టుకునే చూడండి. గొలుసుకని కొక్కెం అతికించకండి. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో ఉంచితే రాగికి పచ్చటి జిగురు పడుతుంది.

ఆ అయిదూ వెండి ధరకే ఇచ్చేశాను. ఆరోది అమ్మబుద్ధి కాలేదు. మొన్నటి వ్రతానికి దాన్ని నల్లగానే కలశం దగ్గర పెట్టాను. అమ్మవారు ఏమీ అనుకోలేదు. సెలవు.