పన్ను తనిఖీలో ఆపిన లారీని విడిపించుకొనుట ఎట్లు?

మన సంఘాల నెయ్యి, పాలపొడి, దాణా చాలా చోట్ల బాడుగ లారీలలోనే వెళ్తున్నాయి. పన్ను ఎగవేత అనుమానంతో అధికారులు దారిలో లారీని ఆపినప్పుడు, "అది లారీవాడి తలనొప్పి" అని కొందరు కార్యదర్శులు ఊరుకుంటున్నారు. ఇది సరికాదు. లారీ అతనిదే అయినా లోపలి సరుకు మనది. జరిమానా ఎంత అన్నది కూడా సరుకు యజమాని ముందుకు వచ్చాడా లేదా అన్నదానిపైనే ఆధారపడి ఉన్నది.

4,00,000 రూపాయల నెయ్యి లోడు ఉన్నదనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుండి నెయ్యిపై జి.ఎస్.టి. 5 శాతం. అనగా పన్ను 20,000. యజమాని ముందుకు వస్తే 129వ సెక్షను క్రింద జరిమానా పన్నుకు రెండింతలు, 40,000. రాకపోతే సరుకు విలువలో సగం లేక పన్నుకు రెండింతలు, ఏది ఎక్కువైతే అది. ఇక్కడ 2,00,000! ఒక మనిషిని పంపనందుకు లక్షా అరవై వేలు సంఘం నెత్తిన పడుతుంది. ఇన్వాయిసు లారీలో ఉంటే పంపినవారైనా, అందుకోవలసినవారైనా యజమానే అని 2018 డిసెంబరు 31 నాటి కేంద్ర సర్క్యులరు చెబుతున్నది. కనుక ఇన్వాయిసు ప్రతి డ్రైవరు చేతిలో ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.

పశువుల దాణాకు పన్ను లేదు, ఈ-వే బిల్లూ అక్కరలేదు. అయితే నూనె తీసిన చెక్క, అనగా డి-ఆయిల్డ్ కేకు, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండవలెను. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడేవారున్నారు.

లారీని నిలిపిన 7 రోజుల్లో నోటీసు, నోటీసు అందిన 7 రోజుల్లో ఉత్తర్వు రావాలి. అంతవరకు ఆగనక్కరలేదు. జరిమానా చెల్లించిగాని, అంత మొత్తానికి బాండు, బ్యాంకు గ్యారంటీ ఇచ్చిగాని విడిపించుకోవచ్చు. చెల్లించినా కారణాలతో కూడిన ఉత్తర్వు అడిగి తీసుకోండి. అది ఇవ్వవలసిందేనని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలుకు గడువు 3 నెలలు, ముందుగా జరిమానాలో 10 శాతం కట్టాలి.

ఉత్తర్వు తరువాత కూడా మనం కదలకపోతే, లారీ యజమాని ఆ జరిమానా లేక లక్ష రూపాయలు, ఏది తక్కువైతే అది కట్టి తన బండి తీసుకుపోవచ్చు. సరుకు మాత్రం అక్కడే ఉంటుంది. 15 రోజుల్లో చెల్లించకపోతే అమ్మేస్తారు. పాడయ్యే సరుకైతే ఆ గడువు కూడా తగ్గించే అధికారం వారికి కలదు.

అన్ని పొరపాట్లకూ ఇంత శిక్ష లేదు. బండి నంబరులో ఒకటి రెండు అంకెలు, పిన్‌కోడు, పేరులో అక్షరం వంటివి తప్పితే 2018 సెప్టెంబరు 14 సర్క్యులరు ప్రకారం మొత్తం 1,000 రూపాయలే. ఆ సర్క్యులరు ప్రతి చూపించి మర్యాదగా మాట్లాడండి.

ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. గడువు తీరడానికి 8 గంటల ముందు నుండి, తీరిన 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. 2020 జనవరిలో హైదరాబాదులో ఆందోళన వల్ల దారి మూసుకుపోయి గడువు దాటిన కాగితం లోడును ఎగవేతగా లెక్కగట్టారు. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది. 2022 జనవరి 12న సుప్రీంకోర్టు ఖర్చులను 69,000 రూపాయలకు పెంచింది. లారీని అర్ధగంట మించి ఆపితే ఆ సంగతి పోర్టల్‌లో 04 ఫారంలో నమోదు చేయించే వీలు లారీవారికి ఉన్నది. బాడుగ మాట్లాడేటప్పుడే ఈ విషయం వారికి చెప్పి ఉంచండి.