శిశుహృదయ చికిత్స: లెక్క చెప్పవలసినవారెవరు?

లెక్క చూపని కరణమును రైతు నమ్మడు. అట్లయిన పసిబిడ్డ గుండెను కోయు వైద్యుని లెక్క యడుగుట అపరాధమెట్లగును? ఆంగ్లదేశమున బ్రిస్టల్ నగరమందు జరిగిన ఘోరము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

అచ్చటి రాయల్ ఇన్‌ఫర్మరీ వైద్యశాలలో, పుట్టుకతోనే హృదయలోపములుగల శిశువులకు శస్త్రచికిత్స జరుగుచుండెను. కొందఱు శిశువులకు హృదయమునుండి వెడలు రెండు మహానాళములు తారుమారై యుండును. వైద్యుడు వానిని ఖండించి, స్థానములు మార్చి, హృదయమునకే రక్తమునిచ్చు సన్నని ధమనులను గూడ తరలించి కుట్టవలెను. ఇది మిక్కిలి నేర్పు కోరు పని.

1988లో మత్తుమందు వైద్యుడుగా చేరిన స్టీఫెన్ బోల్సిన్, ఆ శాలలో శిశుమరణము లధికముగా నున్నవని గ్రహించి, 1990లో ప్రధానాధికారికి లేఖ వ్రాసెను. పిమ్మట తానే లెక్కలు కూర్చెను. పెద్దలు చెవిని బెట్టలేదు. 1995 జనవరిలో పదునెనిమిది మాసముల శిశువునకు చికిత్స తలపెట్టిరి. ముందునాటి రాత్రి వైద్యులు సమావేశమై చర్చించిరి. వలదను హెచ్చరికలున్నను మఱునాడు చికిత్స జరిగెను, శిశువు మరణించెను.

1998లో జనరల్ మెడికల్ కౌన్సిల్ 53 శస్త్రచికిత్సలను విచారించెను. వానిలో 29 మంది బిడ్డలు మరణించియుండిరి. శస్త్రవైద్యుడు జేమ్స్ వైషార్ట్ పేరును, స్వయముగా వైద్యుడైన ప్రధానాధికారి జాన్ రాయిలెన్స్ పేరును వైద్యుల పట్టికనుండి తొలగించిరి. ఇయాన్ కెనెడీ అధ్యక్షతను జరిగిన ప్రభుత్వ విచారణ 2001 జూలైలో ముగిసినది. 1991 మొదలు 1995 వఱకు, ఏడాది నిండని శిశువులలో, సాధారణముగా సంభవింపదగిన సంఖ్యకంటె 30 నుండి 35 మంది యధికముగా మరణించిరని ఆ నివేదిక తేల్చెను.

ఆ వైద్యులు దుర్మార్గులని నివేదిక చెప్పలేదు. అధికారము కొలదిమంది చేత నుండుట, హృద్రోగ నిపుణు లొకచోటను శస్త్రచికిత్స వేఱొకచోటను ఉండుట, ఫలితములను గమనించు బాధ్యత యెవరిదియు గాకపోవుట, ఇవియే దోషములు. అవి సవరింపదగినవే! 1991-95 నడుమ అచ్చట ఏడాదిలోపు శిశువుల హృదయమును తెఱచి చేసిన చికిత్సలలో నూటికి 29గా నున్న మరణములు 1999-2002 నాటికి 3కు దిగినవి.

కఠినరోగమును స్వీకరించు వైద్యునకు అంకెల వలన అన్యాయము జరుగరాదు. అందుచే రోగతీవ్రతను గూడ గణించి, నేడా దేశమున ప్రతి శిశుహృదయ చికిత్సాలయపు ఫలితములను బహిరంగముగా ప్రకటించుచున్నారు. ఇది న్యాయమైన పద్ధతి.

బిడ్డను వైద్యుని చేతులలో నుంచు తండ్రికి, ‘ఇట్టి చికిత్స మీరెందఱికి చేసితిరి? ఎందఱు బ్రతికిరి?’ అని యడుగు హక్కు కలదు. ఆ ప్రశ్నకు కోపించు పెద్దఱికము పెద్దఱికము కాదు.